మావయ్యగారు రాయించిన వెనక గది

మొన్న ఇంటి పన్ను గడువు దగ్గర పడిందని మా అమ్మాయి ఫోనుకు సందేశం వచ్చింది. కూర తిరగమోత వేసేలోగా కట్టేసి, రసీదు కూడా తెరిచి చూపించింది. "అంతేనా?" అన్నాను. "ఔర్ క్యా, అమ్మా?" అంది, ఇంకేముంటుందన్నట్టు. దానికేం తెలుసు, బిలాస్‌పూర్ సర్కండాలో మా మొదటి పన్ను సంగతి తేలడానికి ఒక వేసవీ, సగం వానాకాలమూ పట్టాయని!

మా మావయ్యగారు లోకో షెడ్డులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో బిలాస్‌పూర్ వచ్చి, ముప్ఫై ఏళ్లకు పైగా రైల్వే క్వార్టర్లలోనే కాపురం చేశారు. అక్కడ గోడకు మేకు కొట్టాలన్నా ఆలోచించాలి. ఖాళీ చేసేటప్పుడు కుళాయిలు, బల్బు హోల్డర్లు లెక్క చూసి అప్పజెప్పాలి. రిటైరయ్యాక అరపా నది అవతల సర్కండాలో చిన్న జాగా కొని ఇల్లు కట్టుకున్నారు. ఆ మరుసటి ఏడే నేను విజయనగరం నుంచి కోడలిగా వచ్చాను. ఆయన హిందీ గడగడా మాట్లాడేవారు గాని చదవడం రాదు. నేను పరీక్షలకోసం హిందీ చదువుకున్నాను గాని నాలుగు మాటలు కలిపి మాట్లాడలేను. ఇద్దరమూ కలిస్తే హిందీ వచ్చిన ఒక మనిషి తయారయ్యేవాడు.

ఒక వేసవి ఉదయం నగర నిగమ్, అంటే అక్కడి మునిసిపాలిటీ, మనిషి సైకిలు మీద వచ్చి కాగితం ఇచ్చిపోయాడు. "ఏటమ్మా రాసాడు?" అన్నారు మావయ్యగారు. చదివాను. యజమాని పేరు దగ్గర ఆయనకు జాగా అమ్మిన లింగియాడీహ్ ఊరావిడ పేరుంది. కింద 'ఖాళీ జాగా' అని ఉంది.

"మరి ఇల్లో?"

"ఇల్లు లేదు మావయ్యగారూ."

ఆయన కుర్చీలోంచి లేచి గోడవైపు ఒకసారి చూసుకున్నారు. అత్తమ్మకు మాత్రం సంతోషమే. "లేదంటే మంచిదే గదా. తక్కువలో పోతాది. నోరు మూసుకుని కట్టీయండి," అంది.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లారు. అక్కడి గుమాస్తా ఓపిక గల మనిషి. ఈ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చో అంచనా కడతారట. పక్కా ఇల్లా కాదా, పెద్ద రోడ్డు మీదుందా సందులోనా అన్నది చూసి, ఆ అంచనాలో కొంత భాగం పన్నుగా వేస్తారట. మావయ్యగారు ఆశ్చర్యపోయి నావైపు తిరిగి, "మనింట్లో మనమే ఉంటే అద్దె ఎవుడిస్తాడమ్మా?" అన్నారు. నేను తడుముకుంటూ అడిగితే గుమాస్తా నవ్వి, "మాన్ లీజియే, బాబా" అన్నాడు. వస్తుందని అనుకోవడమే! సొంతంగా ఉండేవాళ్లకు తగ్గింపు కూడా ఉందన్నాడు. పేరు మారాలంటే ముందు ఆ పాత బిల్లు కట్టేసి, ఆ రసీదూ రిజిస్ట్రీ నకలూ జతచేసి అర్జీ పెట్టాలి. ఎవరికీ అభ్యంతరం లేదని తేలాక ఇల్లు కొలవడానికి వస్తారు. అలా లేని ఖాళీ జాగాకి, ఇంకొకరి పేరు మీద డబ్బు కట్టి బయటపడ్డాం. తిరుగు రిక్షాలో దారి పొడుగునా ఆయనకు అదే పని. "ఆ మేడకి అద్దె ఎంత వత్తాదంటావు? ఆ కిరాణా కొట్టుకో?"

వానలు పట్టాక ఇన్‌స్పెక్టరు టేపుతో వచ్చాడు. ఒక కొస నేను పట్టుకున్నాను. ముందు గది, నడిమి గది, వంటిల్లు కొలిచాడు. వెనక పెంకులు కప్పిన చిన్న గది ఒకటుంది, అత్తమ్మ వంటచెరుకు, పాత ట్రంకులు పెట్టుకునేది. ఆవిడ ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడి టీ తాగుతారా అని అడుగుతోంది. ఇన్‌స్పెక్టరు తొంగి చూసి, ఇది కచ్చాదే కదా, వదిలేద్దాం అన్నాడు. అత్తమ్మ మొహం వెలిగింది.

"నహీఁ సాబ్, లిఖియే," అన్నారు మావయ్యగారు, రాయమని.

"మతి పోయిందేటి మీకు? ఆయనే వదిలీస్తానంటే!" అంది అత్తమ్మ.

"ఈ గదికి ఇటుకలు నానే మోసాను. మట్టి నానే తొక్కాను. ముప్ఫై ఏళ్లు పరాయోల గోడల మధ్య ఉన్నాం. ఇది లేదని ఎలా అంతాను? రాసుకోనీ." అత్తమ్మ గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

తెలుగు అర్థంకాక ఇన్‌స్పెక్టరు నావైపు చూశాడు. నాకు వచ్చిన హిందీలో, "బాబా కెహతే హైఁ, యే భీ ఉన్‌కా ఘర్ హై," అన్నాను, ఇదీ ఆయన ఇల్లేనంటున్నారని. అతను టేపు మళ్లీ విప్పాడు. గుమ్మం లోపల కొసను ఈసారి అత్తమ్మ పట్టుకుంది.

మరుసటి ఏడు బిల్లు ఆయన పేరు మీద వచ్చింది. పేరులో ఏ అక్షరం ఏదో నాచేత చెప్పించుకుని, ఒక్కొక్కదాని కిందా వేలు పెట్టి చదివారు. హిందీలో ఆయన చదవడం నేర్చుకున్నది ఆ ఒక్క పేరే. ఆయన పోయేలోగా ఆ పేరు మీద మరో పదకొండు బిల్లులు వచ్చాయి. ఆయన జీవితంలో తన పేరున్న ఇంట్లో గడిచిన ఏళ్లు అవే. గడుస్తున్నప్పుడు మాత్రం అవి మా అందరికీ మామూలు ఏళ్లలాగే కనిపించాయి.