చదవకుండా మడిచిన కాగితం

ప్రభువునందు ప్రియ సహోదరులారా, నా రోగం ఏ వైద్యుడికీ కనిపించేది కాదు. అది అనుమానం.

బెంగుళూరులో ఒక దినపత్రికలో ఇరవై రెండేళ్లు ప్రూఫ్ రీడర్‌గా పనిచేశాను. ఇతరుల తప్పులు పట్టడమే నా ఉద్యోగం. కంప్యూటర్లు వచ్చాక మా విభాగం అక్కర్లేకపోయింది, స్వచ్ఛందంగా తప్పుకునేవారికి ఒకేసారి కొంత సొమ్ము ఇస్తామన్నారు. నేనూ నా భార్య కరుణా మిగిలిన కాలమంతా దానిమీదే బతకాలి.

అక్కడి అకౌంటెంటు యేసుపాదం మన సంఘపెద్దే. ఆయన ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. పెడితే గ్రాట్యుటీ పోతుందని టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారు. నేను దాన్ని చదవకుండానే మడిచి బైబిలు సంచిలో పెట్టుకున్నాను. చివరికి సొమ్ము చేతికొస్తే పన్ను కింద పెద్ద ముక్కే కోసేసి ఉంది! ఆ నెలలోనే యేసుపాదం కొత్త స్కూటరు కొన్నాడు. ఇంకేం కావాలి నాకు? ఆయన మూడుసార్లు ఇంటికొస్తే తలుపు తీయలేదు. ప్రభు బల్ల ఆదివారాల్లో ఆయన రొట్టె పళ్లెం అందిస్తే తీసుకోకుండా పక్కవారికి జరిపాను. ఆయన దొంగ అని పాస్టరుగారికి పేరులేని ఉత్తరం రాసి, ఒక ఆదివారం మందిరానికి వెంట తెచ్చుకున్నాను.

"ప్రభువా, వాడి దొంగతనం ఈరోజే బయటపెట్టు" అని ప్రార్థించాను. ఉత్తరం కోసం సంచిలో చెయ్యి పెడితే, సహోదరులారా, ఆ పాత కాగితం చేతికొచ్చింది. అప్పుడు చదివాను. ఇలా ఉద్యోగం వదిలినవారికి వచ్చే సొమ్ములో ఐదు లక్షల దాకా పన్ను ఉండదట, ఆ మినహాయింపు జీవితంలో ఒక్కసారేనట, ఇంతకుముందు నేను దాన్ని వాడుకోలేదని సంతకం పెట్టాలట. అంతే. గ్రాట్యుటీ ఊసే లేదు. దొంగతనం బయటపడింది, దోచింది నేను, ఒక మనిషి మంచి పేరును.

ఆరాధన ముగిశాక ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి క్షమించమన్నాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఊరందరి తప్పులూ దిద్దినోడివి గదప్పా, నేనిచ్చిన ఒక్క కాగితం సదవలేకపోతివా?" అన్నాడు. "పన్ను కట్టేసినా రిటర్ను ఏస్తే వాపసొస్తుంది. అది చెప్పాలనే మూడుసార్లు వచ్చింటి."

మరునాడు ఆ స్కూటరు మీదే నన్ను పన్నుల కార్యాలయానికి తీసుకెళ్లాడు. నెలల తర్వాత వాపసు చెక్కు వచ్చింది, దేవునికే స్తోత్రం! కానీ నా విడుదల అంతకుముందే జరిగింది, ఆయన చేతి పళ్లెం నుంచి నేను మళ్లీ రొట్టె తీసుకున్న ఆదివారం నాడు.

ఇది చదువుతున్నవారిలో ఎవరి సంచిలోనైనా ఇంకొకరి మీద రాసిన ఉత్తరం ఉంటే, నన్ను విడిపించిన ప్రభువును నమ్మి, దాన్ని పంపకముందే వారి తలుపు తట్టండి.