టచప్ అక్క తీసిన ఫొటో

ఫొటో స్టూడియోలో పదహారేళ్ళుగా జనాల మొహాలు బాగుచేసే ఆవిడని అందరూ టచప్ అక్క అనే పిలిచేవాళ్ళు. మొటిమలు తీసేస్తుంది, కళ్ళ కింద నలుపు తగ్గిస్తుంది, అడిగినవాళ్ళకి బట్టతల మీద జుట్టు కూడా మొలిపిస్తుంది. "మా అక్క చెయ్యి పడిందంటే తాతగారైనా పెళ్ళికొడుకే" అని ఓనరు వచ్చినవాళ్ళందరి దగ్గరా గొప్పలు పోయేవాడు.

అలాంటి అక్క ఆ రోజు పొద్దున్న ఆరింటి నుంచీ ఎంబసీ గోడ పక్కన వరసలో నిలబడి ఉంది. పక్కన పదమూడేళ్ళ కూతురు. మొగుడు వెల్డింగ్ పనికని పరాయి దేశం వెళ్ళి ఆరేళ్ళయింది. అక్కడే స్థిరపడి, వీళ్ళిద్దరినీ రప్పించుకోడానికి దరఖాస్తు పెట్టాడు. అది నత్తలా పాకి పాకి, చివరికి ఇవాళ ఇంటర్వ్యూ అన్నారు. వాళ్ళు సరే అంటే ముగ్గురూ ఒక కప్పు కింద ఉంటారు. కాదంటే మళ్ళీ మొదటికి. మళ్ళీ ఎన్నేళ్ళో ఎవడు చూడొచ్చాడు? ఇప్పటికే పిల్లకి నాన్నంటే ఫోన్లో గొంతు.

వాళ్ళ వెనకున్నాయన బస్సు డ్రైవరు. తమ్ముడి దగ్గరికి వెళ్ళాలని వచ్చాడు. నోరు మూతపడని మనిషి.

"కాగితాలన్నీ సరిచూసుకున్నావా చెల్లెమ్మా? మొన్న మా వీధిలో ఒకాయన్ని వెనక్కి పంపేశారు. ఏమిటయ్యా అంటే, ఫొటోలో కాస్త రంగు పెంచాడట! ఉన్నది ఉన్నట్టుండాలట. మోసమని రాసి పడేశారు."

"మావి బాగానే ఉన్నాయన్నయ్యా" అంటూ అక్క ఫైలు తెరిచింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

పిల్లకి ఎడమ కంటి కింద, చెంప మీద, చింతగింజంత పుట్టుమచ్చ ఉంది. ఫొటోలో ఆ చెంప నున్నగా తళతళలాడుతోంది. మచ్చ ఊసే లేదు.

తనే తీసేసింది. ఎప్పుడు తీసిందో కూడా గుర్తులేదు. మొహం తెర మీదికి రాగానే చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. రోజుకి నలభై మొహాలు చూసే చేతికి కన్నకూతురైనా ఒకటే. ఛీ, ఇదీ ఒక చెయ్యేనా! రెండు నెలలుగా ఫైల్లో ఉన్న ఫొటోని ఒక్కసారైనా కళ్ళు తెరిచి చూసి చావొచ్చు కదా!

బయటికి పోయి ఇంకో ఫొటో తీయించుకొద్దామంటే, వరస తప్పితే పేరు కొట్టేస్తామని గార్డు పొద్దున్నే అరిచి చెప్పాడు. ముందు ఇంకా ముగ్గురే ఉన్నారు. అక్క బ్యాగంతా కెలికి, మచ్చలు కప్పే క్రీము ట్యూబు లాగింది.

"ఇటు తిరుగు."

"ఎందుకమ్మా?"

"తిరగమన్నానా!"

వేలితో చెంప మీద గబగబా అద్దింది. పిల్ల ట్యూబు వంక చూసింది, ఫైల్లో ఫొటో వంక చూసింది. తెలివైన పిల్ల, చెప్పక్కర్లేకపోయింది.

"అమ్మా, అక్కడికెళ్ళాక కూడా రోజూ ఇది రాసుకోవాలా?"

అక్క వేలు ఆగిపోయింది. నీ మొహానికేమయిందే, ఎవరేమన్నారే అనబోయింది. ఎవరో ఎందుకంటారు? ఆ మాట అన్నది తన చెయ్యే. సీసాలో నీళ్ళతో రుమాలు తడిపి క్రీమంతా తుడిచేసింది.

"వద్దు. ఎప్పుడూ వద్దు. ఏమైతే అదవుతుంది" అంది.

ఇంతలో వాళ్ళ వంతు వచ్చింది.

కిటికీ అవతల కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసరమ్మ కాగితాలు తిరగేసి, పిల్లని చూసి, మళ్ళీ కాగితాలు చూసింది.

"పాస్‌పోర్టులో మచ్చ ఉంది. మొహాన ఉంది. ఈ ఫొటోలో లేదేం?"

వెలుతురు ఎక్కువైందనొచ్చు. ప్రింటు సరిగ్గా రాలేదనొచ్చు. ఈ పనిలో ఉన్నదానికి సాకులు కరువా?

"నేనే చెరిపేశానండీ. స్టూడియోలో నా పనే అది. అలవాటున చెయ్యి అటు పోయింది. మోసం చేద్దామని కాదండీ. పిల్లకి ఏమీ తెలీదు."

"ఏమ్మా, నీకు తెలీదా?"

"ఇందాకే తెలిసిందండీ" అంది పిల్ల.

ఆఫీసరమ్మ ఏదో రాసుకుంది.

"పన్నెండింటికి ఈ కిటికీ మూసేస్తాను. ఈలోగా ఎదురు వీధిలో కొత్త ఫొటో తీయించి తెండి. గార్డుకి ఈ చీటీ చూపించండి. మీరు మాత్రం ముట్టుకోకండి."

ఒకటే పరుగు. ఎదురు స్టూడియోలో నడివయసాయన ఫొటో తీసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "ఒక్క నిమిషమమ్మా, పాపకి ఆ మచ్చొకటి తీసేసి..."

"చెయ్యి తియ్యవయ్యా బాబూ!"

ఆ కేకకి ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. పొద్దుట్నుంచీ బిగుసుకుపోయి ఉన్న పిల్ల పకపకా నవ్వింది.

పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా ఆఫీసరమ్మ కొత్త ఫొటో అందుకుని, చెంప వంక ఒక్క చూపు చూసి, పాస్‌పోర్టులు సొరుగులో పెట్టుకుంది. "వీసా వేసి వారంలో పంపిస్తాం" అంది.

బయటికొచ్చి అక్క అక్కడి మెట్ల మీదే కూలబడి ఏడ్చేసింది. ఆనందమే. పిల్ల పక్కన కూర్చుంది.

"అమ్మా, నాన్నకి ప్రతి నెలా పంపే నా ఫొటోల్లో కూడా తీసేసేదానివా?"

అక్క ఏడుపు ఆగింది. అవునని తల ఊపింది.

"అందుకా! నా మచ్చంటే నాన్నకి ప్రాణం. ఫోన్ చేసినప్పుడల్లా, నిజంగానే మచ్చ పోయిందా తల్లీ అని అడుగుతాడు. ఉంది నాన్నా అంటే నమ్మడు. నన్ను ఊరడించడానికి అంటున్నావు అంటాడు."

అక్కకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఫోను తీసి కూతురి చేతిలో పెట్టింది.

"నాన్నకి చెయ్యి. వీసా సంగతి తర్వాత. ముందు మచ్చ ఉందని చెప్పు. అమ్మే చెరిపేసిందని కూడా చెప్పు."