చింతామణి దాకా చెక్కుచెదరని నిప్పట్లు

చింతామణిలో ఆడవాళ్లు నెలకొకసారి కూడి భజన చేసుకుంటారనీ, తలా ఒక తినుబండారం తెచ్చి అందరూ కలిసి తింటారనీ, పోయేటప్పుడు చదువుకోవడానికి తలా ఒక పుస్తకం ఇస్తారనీ నాకు మొదట చెప్పింది మా పక్కింటి నంజమ్మక్క. పట్టుగూళ్లు అమ్మడానికి మొగుడితో చింతామణికి పోయి, గూళ్ల సంగతి మరిచి ఈ కబురు మోసుకొచ్చింది. ఆమె మేలు మరువను. ఆమె నోరు మూసుకుని ఉంటే మాత్రం ముప్పయిమంది ఆడవాళ్ల దవడలు క్షేమంగా ఉండేవి. ఆ ఘోరం ఎట్లా జరిగిందో చెబుతాను, వినండి.

ఇంకా మైసూరు రాష్ట్రం అనే రోజులు. నేను బాగేపల్లికి కోడలిగా వచ్చి రెండేళ్లయింది. బడి ముఖం చూసినదాన్ని కాను. పశువులకు మేత వేస్తూనే మా నాయన గుణింతాలు నేర్పాడు. ఆయన చలవ, పైన స్వామి దయ, చదవడం వచ్చింది. కానీ అత్తవారింట్లో అచ్చులో ఉన్నవి రెండే: ఒకటి పంచాంగం, రెండోది సబ్బు చుట్టిన కాగితం. రెండూ కంఠతా వచ్చేశాయి. అందుకని పుస్తకం అనగానే ప్రాణం లేచొచ్చింది.

అత్తను అడిగాను. ఆమె తమలపాకు తుడుచుకుంటూ తీర్పు చెప్పింది.

"పోవల్లంటే పో. నువ్వు తీసకపోయే డబ్బా ఖాళీగా తిరిగొస్తే నెలనెలా పో, నేనడ్డం రాను. ఒక్కటి మిగిలొచ్చినా మళ్లా గడప దాటేది లేదు. ఊరోళ్ల ముందర నా ఇంటి పరువు పోగొట్టుకోలేను."

"ఒక్కటి కూడా మిగలదు చూడత్తా," అన్నాను. అప్పుడు నా తల ఎంత ఎత్తున ఉందంటే, దూలం తగలకపోవడం వింత.

నిప్పట్లు చేద్దామనుకున్నాను. తెలియనివాళ్లకు చెబుతున్నాను: బియ్యప్పిండిలో వేరుశనగపప్పు, నువ్వులు, కారం కలిపి, అరచేతిలో బిళ్లల్లా తట్టి నూనెలో వేయించేవి. చెక్కలంటారు కొందరు. నాలుగు రోజులైనా చెడవు. కానీ బాగేపల్లి బస్సు సంగతి నాకు తెలుసు. చేళూరు దాటేలోగా కూర్చున్నవాళ్ల ఎముకలే విడిపోతాయి, ఇంక నిప్పట్లెంత?

"కాగిన నూనె రెండు గరిటెలు పిండిలో పొయ్యి," అంది అత్త.

"పోస్తే గుల్లగా వస్తాయి. బస్సులో పొడైపోతాయత్తా."

"ఏమే, నిప్పట్లు తినేదానికి చేస్తాండావా, ఊరేగించేదానికి చేస్తాండావా?"

"రెండిటికీ!" అన్నాను.

నూనె పొయ్యలేదు. పైగా, దారికి తట్టుకోవాలని మామూలుకు రెండింతల మందంగా తట్టాను.

"ఒకటి నోట్లో వేసుకొని చూడన్నా చూడు."

"చింతామణిలో స్వామికి నైవేద్యం పెట్టాల. ఎంగిలి చేస్తానా?"

అత్త చేతులు జోడించి, "స్వామే కాపాడల్ల," అని నవ్వింది. స్వామి కాపాడాల్సింది నన్నా, తన్ను తానేనా అన్నది ఆమె చెప్పలేదు.

నంజమ్మక్కా నేనూ బయలుదేరాం. డబ్బా బస్సు మీదికెక్కించారు. చేళూరు దగ్గర గుంతలో పడి బస్సు ఎగిరింది, దాంతో డబ్బా కూడా ఎగిరింది. బస్సు మళ్లీ రోడ్డు మీదికొచ్చింది, డబ్బా రాలేదు. కండక్టరు వెనక్కి పరుగెత్తి, సొట్టపోయిన డబ్బా మోసుకొచ్చాడు.

"ఏమమ్మా, దీన్లో ఏముండాది? ఇనుప సామానా?"

మూత తీశాను. ఒక్కటంటే ఒక్కటి విరగలేదు! నంజమ్మక్క ఒడిలో పెట్టుకున్న ఓళిగలు, అదే బొబ్బట్లు, మాత్రం ఆ కుదుపుకు నలిగి ముద్దయ్యాయి.

"చూసినావా అక్కా!" అన్నాను, లోకాన్ని జయించినదానిలా.

"చూసినాను. నాకు అదే భయంగా ఉండాది," అంది నంజమ్మక్క.

చింతామణిలో ఆ భజన సమాజం అధ్యక్షురాలి ఇంటి పంచలో భజన చేశారు. మంగళారతి అయింది. నా నిప్పట్లు తలా ఒకటి చేతికొచ్చాయి. ఒక్కసారిగా ముప్పయి నోళ్లు మూతపడ్డాయి. కరకర లేదు, పటపట లేదు. కంసాలి అంగట్లో లాగా టక్, టక్ అని మాత్రం వినిపించింది. ఒకామె స్తంభానికేసి కొట్టి చూసింది, స్తంభం సున్నం రాలింది. అధ్యక్షురాలు దవడ పట్టుకుని, మర్యాదస్తురాలు కాబట్టి, "రుచి లోపల ఉందేమో. ఇంకా లోపలికి పోలేదమ్మా," అంది.

నంజమ్మక్క చెవిలో గొణిగింది. "రుక్కూ, తిరిగిపోయేటప్పుడు కిటికీలోంచి పారేయి. డబ్బా ఖాళీ అయితాది, మీ అత్తకు యాడ తెలస్తాది?"

"స్వామికి పెట్టిన తిండి పారేస్తే కండ్లు పోవా? పారేయను. అత్తతో అబద్ధమూ చెప్పను."

"అయితే నువ్వే తిను!"

"తింటాను!" అని కొరికాను. ఆ పన్ను ఈనాటికీ చన్నీళ్లు తగిలితే నన్ను తిడుతుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పంటికంటే పుస్తకానికి ఎక్కువ ఏడ్చాను. పక్కన బల్ల మీదే ఉన్నాయవి, వరుసగా, ఇంక ఏ నెలా నాకు కానివిగా.

అప్పుడు గోడవారన కూర్చున్న ఒక ముసలామె చెయ్యెత్తింది. సాకమ్మవ్వ, అధ్యక్షురాలి ఇంట్లో పెద్దామె. నోట్లో ఒక్క పన్నూ లేదు.

"ఏమ్మా పాపా, ఆ డబ్బా ఇట్లా తే. పండ్లుండేవాళ్లతో కాలేదు కదా, లేనిదాన్ని నేను చూస్తాను."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. రోలు చూపించి, "దంచు," అంది. దంచాను. బరకగా పలుకులయ్యాయి. "కుండలో మజ్జిగ ఉండాది, పొయ్యి. కొత్తిమీర తుంచి వెయ్యి. ఇంగువ పోపు పెట్టు." పెట్టాను. "ఇంక పావుగంట నోరు మూసుకొని కూర్చో."

నాకు అన్నింటికంటే కష్టమైంది ఆ పావుగంటే.

పలుకులు మజ్జిగ పీల్చి మెత్తబడ్డాయి, అయినా ముద్ద కాలేదు. అవ్వ ఒక గిన్నె తాగింది, రెండోది చాచింది. "నా పండ్లూడినాక కారమైన నిప్పట్టు నోట్లోకి పోయింది ఇదే," అంది. ఆ తరువాత గిన్నెల కోసం తోపులాట. అడుగున మిగిలినది వేలితో తుడిచి తిన్నది అధ్యక్షురాలే. "ఎట్లా చేసినావమ్మా? వచ్చే నెల కూడా ఇవే తే!"

"నూనె పొయ్యకుండా చేసినా!" అన్నాను, నా తల మళ్లీ దూలం దాకా లేచింది.

చంకలో పుస్తకంతో ఇంటికొచ్చాను. అత్త డబ్బా బోర్లించింది. నువ్వు గింజ కూడా రాలలేదు.

"అందరూ తిన్నారా?"

"తిన్నారత్తా."

"కొరికేనా?"

"తాగినారు."

జరిగినదంతా చెప్పాను. అత్త కడుపు పట్టుకుని నవ్వి, "మాటంటే మాటే. పోదువులే," అంది.

మరుసటి నెల అత్త మాట విని, కాగిన నూనె పోసి, నోట్లో వేస్తే కరిగే నిప్పట్లు చేసి తీసుకుపోయాను. బస్సులో సగం పొడయ్యాయి. మిగతావి మజ్జిగలో పడగానే గంజయ్యాయి. "పోయిన నెల ఎంత బాగా చేసినావు, ఇప్పుడేమొచ్చింది నీకు?" అని ముప్పయిమందీ నన్నే ఆడిపోసుకున్నారు.

అందుకని స్వామి ఎదుట దీపం సాక్షిగా ప్రమాణం చేశాను: ప్రయాణం చేసే నిప్పట్లలో ఈ జన్మలో నూనె పొయ్యను. మంచిగా చేసే తప్పు మళ్లీ చెయ్యను.

చదివేవాళ్లకు ఒక్క మనవి. మీరు సాకమ్మవ్వను ఒక్కసారి తలుచుకోండి. ఆమెకు అక్షరం రాదు. నేను ఆ తరువాత చదివిన ప్రతి పుస్తకమూ ఆ పళ్లు లేని నోటి పుణ్యమే.