ధర్మారావు గారి లుసేరో

ఆమదాలవలస స్టేషన్ బయట ఎవరో చుట్ట వెలిగించారు. ఆ ఘాటు తగలగానే ధర్మారావు గారు గుర్తొచ్చారు. కోటబొమ్మాళి మనిషి. సగం జీవితం ఓడల మీద గడిపి, తోటి నావికుల దగ్గర స్పానిష్ నేర్చుకుని, రిటైరయ్యాక విజయనగరంలో రెండు గదుల అనువాదాల ఆఫీసు పెట్టారు. కోపం ముక్కు మీదే ఉండేది. నా మొదటి బాస్ ఆయనే.

నేను స్పానిష్ డిప్లొమా పట్టుకుని పాతపట్నం నుంచి వచ్చాను. ఉద్యోగం నిలవకపోతే తిరిగి వెళ్లి నాన్న కిరాణా కొట్లో కూర్చోవాలి. ఇంట్లో ఒప్పందం అదే. చేతికొచ్చిన మొదటి పని, ఆకాశం గురించి ఒక స్పానిష్ పిల్లల పుస్తకం. అందులో మాటిమాటికీ ‘లుసేరో’ అని వచ్చేది. బాగా మెరిసే పెద్ద చుక్క అని అర్థం, ముఖ్యంగా శుక్రుడు. నేను అంతటా ‘వేగుచుక్క’ అని రాసేశాను. ఆయన చదివి, నన్ను డాబా మీదకి తీసుకెళ్లారు. అప్పుడే పొద్దు గుంకింది. పడమట శుక్రుడు ఒక్కడే ఉన్నాడు.

“అదేటమ్మా?”

“శుక్రుడండి.”

“ఇప్పుడు దాన్ని వేగుచుక్కంటే మీ అమ్మమ్మ ఏటంటాది? అప్పుడే తెల్లారిపోనాదా అని నవ్వదా? ఆ మాటన్న మనిషి ఏటి సూస్తన్నాడో ముందు అది సూడు. రాయడం తర్వాత.”

స్పెయిన్ వాళ్లకి తెల్లవారుజామున కనిపించినా, సాయంత్రం కనిపించినా అది లుసేరోయేనట. గుర్రం నుదుటి మీది తెల్లమచ్చనీ అలాగే అంటారట. తల్లులు పిల్లల్ని ముద్దుగా పిలిచేదీ ఆ మాటతోనేనట. కిందికి దిగి మొత్తం మళ్లీ రాశాను. పాఠంలో శుక్రుడు, కథలో అమ్మమ్మ నోట సందెచుక్క, బిడ్డనెత్తుకున్న తల్లి నోట ‘నా చుక్కా’.

పుస్తకం వేసేవాళ్లు ఒప్పుకోలేదు. అంతటా శుక్రగ్రహం అనే ఉండాలన్నారు, లేదంటే పని వెనక్కి తీసుకుంటామన్నారు. నాకు నాన్న కొట్టు గుర్తొచ్చింది. మార్చేస్తానన్నాను.

“తప్పుంటే నేనే కొట్టేద్దును. తప్పు లేదు గదా, ఎందుకు మారుస్తావు?” అని ఆయన ఫోన్ అందుకున్నారు. “బిడ్డని ముద్దాడతా ఏ తల్లైనా శుక్రగ్రహమా అంటాదేటండి? మీ పుస్తకం మీరు పట్టుకెళ్లిపోండి.”

పట్టుకెళ్లిపోయారు. ఇక నా పని అయిపోయిందనుకుని సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే, “రేపు పెందరాళే రా, మందుల కంపెనీ కాగితాలు వచ్చి ఉన్నాయి” అన్నారు, తల ఎత్తకుండానే. బస్సులో ఏడ్చేశాను.

ఆయన ఇప్పుడు లేరు. నా దగ్గర ఇద్దరమ్మాయిలు పనిచేస్తున్నారు. పోయిన వారం వాళ్లలో ఒకమ్మాయి రాసిన మాట మార్చమని, మాకు ఎక్కువ పని పంపే పార్టీ ఫోన్‌లో పట్టుబట్టింది. మాట సరిగ్గానే ఉంది. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని వింటోంది. “కుదరదండి, అది అలాగే ఉంటుంది” అన్నాను. ఆనాడు ఫోన్‌లో ధర్మారావు గారి గొంతు వణకలేదు. నాది వణికింది.