చిచ్చా పలకలు, నా కిరసనాయిలు గుడ్డ

ఇప్పుడు నా మెకానిక్ షెడ్డులో పని నేర్చుకునే పిల్లలు ఏ బోల్టు విప్పినా ముందు సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో కొట్టుకుంటారు. ఆ రోజుల్లో మాకు సెల్‌ఫోన్లూ లేవు, ఓపికా లేదు. (సెల్‌ఫోన్లు తర్వాత వచ్చాయి. ఓపిక సంగతి మా ఆవిడ్ని అడగండి.) ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాసై మార్కాపురం చేరిన కొత్తలో నేను ఒక్కచోట అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేవాణ్ణి, బస్సు ఆగకముందే దూకి మోకాళ్లు కొట్టుకునేవాణ్ణి. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. సర్టిఫికెట్టు చేతికొచ్చాక ఆ పిల్లికి పొగరు కూడా తోడైంది.

నన్ను అక్కడి లారీల షెడ్డులో పనికి పెట్టింది మా మేనమామ. ఆయనకొక టిప్పరు ఉండేది, ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలపు బండి. ఎన్ని చేతులు మారి తన దగ్గరికొచ్చిందో ఆయనకే తెలియదు. వయసుకు మర్యాద ఇచ్చి దాన్ని ‘తాత’ అనేవాడు. పలకల గనిలో పనికిరాని రాయి నింపుకుని దూరంగా గుట్టపోయడం తాత ఉద్యోగం. ఆ వేసవిలో తాతకు నడుము పట్టేసింది. తొట్టిని పైకి లేపే ఆయిల్ జాకీ జానెడు లేచి, మూలిగి, మళ్లీ కూలబడేది. రాయినంతా మనుషులెక్కి పారలతో తోడాల్సి వచ్చేది. గని మేస్త్రీ రెండు వారాలు ఓర్చుకుని, సోమవారం నుంచి వేరే బండి పెట్టుకుంటామన్నాడు. మామకు ఇంకో బండి లేదు, ఇంకో పనీ రాదు. శనివారం పొద్దు గూకేలోపల జాకీ లేవకపోతే బండిని కోసుకుపొమ్మని గిద్దలూరు పాత ఇనుము వ్యాపారికి మాట ఇచ్చేశాడు. ఆ పూట ఆయన కంచం ముందు కూర్చుని అన్నం ముట్టకుండానే లేచాడని అత్త చెప్పింది.

శనివారం పొద్దున్నే తాత మా షెడ్డుకు వచ్చింది. షెడ్డు మేస్త్రీని అందరూ చిచ్చా అనేవాళ్లం. చిచ్చాకు చదువు రాదు గానీ చేతిలో గొప్ప పద్ధతి ఉండేది. మాది పలకల ఊరు కాబట్టి విరిగిన పలకలకు కొదవ లేదు. ఏ భాగం విప్పినా దాన్ని ఒక పలకముక్క మీద పెట్టి, బలపం గట్టిగా నొక్కి చుట్టూ గీత గీసేవాడు, పిల్లలు అరచెయ్యి ఆనించి గీసుకున్నట్టు. విప్పిన వరస తెలిసేందుకు పక్కన ఒకటి, రెండు, మూడు నిలువు గీతలు. ఏ మొహం పైకి ఉండాలో తెలిసేందుకు ఒక బాణం. (‘ఒకటో తరగతి’ అని నేను లోపల నవ్వుకునేవాణ్ణి. పైకి నవ్వడానికి ఇంకా జీతం మొదలుకాలేదు.)

తొట్టిని గొలుసుతో పైకెత్తి, కింద తుమ్మమొద్దు ఆనించి, జాకీని దించి విప్పాడు. లోపల తోలు వాషర్లు అరిగి అప్పడాల్లా ఉన్నాయి. కొత్తవి కోసి, పాతవాటి పక్కన అవే పలకల మీద పెట్టాడు. మొత్తం పద్నాలుగు పలకలు. అంతలో మధ్యాహ్నం నమాజు వేళయింది. చేతులు కడుక్కుంటూ, “బేటా, నేనొచ్చేదాకా ఏందీ ముట్టుకోవాకు. ఊరికే కూచో, సాలు” అన్నాడు.

ఊరికే కూచోవడం నాకు చేతనైతే ఈ కథే లేదు. మూడు నిమిషాలు కూర్చున్నాను. నాలుగో నిమిషంలో ఆ భాగాల మీద దుమ్ము కనబడింది. జాకీ లోపల ఇసుకరేణువంత దుమ్మున్నా పనికిరాదని ఐటీఐలో మా సారు చెప్పిన మాట గుర్తొచ్చింది. కిరసనాయిలు డబ్బా తెచ్చాను. పద్నాలుగింటినీ మెరిసేలా కడిగి, గోనెపట్టా మీద పెద్దదాని పక్కన చిన్నది వచ్చేలా అందంగా పేర్చాను. అప్పటికీ చిచ్చా రాలేదు. చెయ్యి ఊరుకోలేదు. మురికిగా ఉన్నాయి కదా అని అదే గుడ్డతో పలకలన్నీ తుడిచి దొంతర పెట్టాను. చిచ్చా మెచ్చుకుంటాడని ఎదురుచూస్తూ నిలబడ్డాను కూడా.

చిచ్చా వచ్చి గోనెపట్టాను చూశాడు, దొంతర చూశాడు. చెరో చేత్తో ఒకేలాంటి రెండు తోలు వాషర్లు ఎత్తి పట్టుకుని, “బాగా నీళ్లు పోసినావు బేటా పిల్లోళ్లకు. ఇప్పుడు సెప్పు, ఈడు ఎవరి కొడుకు, ఆడు ఎవరి కొడుకు?” అన్నాడు.

“నాకు అంతా గుర్తుంది చిచ్చా” అన్నాను. గుర్తులేదు. ఇంకే బండైనా చూసి బిగిద్దామంటే తాతలాంటి బండి చుట్టుపక్కల లేదు, అందులో సగం సామాను ఎవరెవరో సొంతంగా చేయించి పెట్టినవి. అయినా చిచ్చా నన్ను ఆపలేదు, చెయ్యి కాలితేనే నేర్చుకుంటాడనుకున్నాడేమో. నేను గంటలో జాకీని బిగించేసి, బండికి ఎక్కించి, మొద్దు తీయించి, బండి స్టార్టు చేయించాను. అప్పటికే ఇనుము వ్యాపారి తెల్లచొక్కా వేసుకుని ఇనుము కోసే గ్యాస్ బండతో సహా దిగి, పక్కన నిలబడి చూస్తున్నాడు. తొట్టి బెత్తెడు లేచింది. మామ మొహం కూడా లేచింది. అంతలో జాకీ మెడ దగ్గర్నుంచి ఆయిల్ చిమ్మి, భుజం నుంచి నడుము దాకా ఆ తెల్లచొక్కాకు జంధ్యం వేసింది. తొట్టి కూలబడింది.

“పర్లేదులేయా, బండి ఎట్లా నాదేగదా, ఆయిల్ గూడా నాదే” అన్నాడు వ్యాపారి తుడుచుకుంటూ. ఆ మాటకు మామ తల తిప్పుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. “పోనీలే అల్లుడా, దానికీ వయసైపోయింది” అన్నప్పుడు మాత్రం ఆగలేకపోయాను. పలకలు నేనే తుడిచానని అందరి ముందూ చెప్పేశాను.

చిచ్చా అప్పుడు కదిలాడు. జాకీని మళ్లీ దించి విప్పమని ఇంకొకరికి చెప్పి, టీకొట్టు పొయ్యిలోంచి చల్లారిన బూడిద తెప్పించాడు. పలకలన్నిటి మీదా పలచగా చల్లించి వరసగా ఎండలో పెట్టించాడు. “కిరసనాయిలంతా బూడిదకు పట్టాల. బలపం గట్టిగా నొక్కి గీసినాను, గీత యాడికీ పోదు. కానీ తొందరపడి రుద్దితే మాత్రం పోతాది. ఈ గంట నీ పని ఏందంటే, ముట్టుకోకుండా సూడ్డం.”

నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు. ఒక పక్క పొద్దు వాలుతోంది. ఇంకో పక్క వ్యాపారి మనిషి గ్యాస్ గొట్టాలు బిగించుకుంటున్నాడు. మధ్యలో పద్నాలుగు పలకలు, వాటి ముందు చేతులు చంకల్లో పెట్టుకుని నేను. రెండుసార్లు నా చెయ్యి దానంతటదే బయటికొచ్చింది. రెండుసార్లూ మామ పట్టుకుని వెనక్కి పెట్టాడు. మూడోసారి ఇక వదల్లేదు, అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.

చిచ్చా ఒక్కొక్క పలకా ఎత్తి, బూడిద మెల్లగా ఊది, ఎండకు ఏటవాలుగా పట్టుకున్నాడు. నల్లటి పలక మీద సన్నటి తెల్లగీత తేలింది. గుండ్రం, పక్కన నిలువు గీతలు, బాణం. తోలు వాషర్లు రెండూ నేను తలకిందులుగా వేశానని అప్పుడు తెలిసింది. (రెండిట్లో ఒక్కటైనా సరిగ్గా పడలేదు, కళ్లు మూసుకుని వేసినా ఒకటి పడాల్సింది.) ఈసారి పలక చూస్తూ, ఒక్కొక్కటే, చిచ్చా చెప్పేదాకా ఆగి అందించాను.

పొద్దు గుట్టల మీదికి వచ్చిన వేళకు తాత లేచింది. బెత్తెడు దాటింది, జానెడు దాటింది, ఎక్కడా ఆగలేదు. తొట్టి మూలల్లో ఎన్నాళ్లుగానో ఇరుక్కున్న రాతిముక్కలు గలగలా జారి రోడ్డు మీద పడ్డాయి. మామ పరుగెత్తి వాటిని ఏరుతూ ఉండిపోయాడు. అవి ఎందుకూ పనికిరావని అందరికంటే ఆయనకే బాగా తెలుసు. మొహం చూపించడం ఇష్టంలేక ఏరుతున్నాడని నాకు తర్వాత తోచింది. వ్యాపారి తన చొక్కా వైపు ఒకసారి, తాత వైపు ఒకసారి చూసుకుని, టీ తాగి వెళ్లిపోయాడు.

తాత ఆ తర్వాత తొమ్మిదేళ్లు రాయి మోసింది. చిచ్చా పోయి ఆరేళ్లవుతోంది. తోలు వాషరు గీత ఉన్న పలకను నేను అడిగి తెచ్చుకున్నాను, షెడ్డులో మేకుకు వేలాడుతూ ఉంటుంది. పిల్లలు దుమ్ము దులిపినప్పుడల్లా తుడిచేస్తూనే ఉంటారు. నేనేమీ అనను. పనిలో తొందర ముంచుకొచ్చినప్పుడు దాన్ని తీసి, వాకిట్లోకి పోయి, ఎండకు ఏటవాలుగా పట్టుకుంటాను. గీత కనబడేదాకా ఆగుతాను. నిలబడే ఆగుతాను లెండి. కూర్చునే ఓపిక నాకు ఇంకా రాలేదు.