వద్దనే హక్కు

మా సీనియర్, న్యాయవాది మార్తమ్మ గారు కన్నుమూశారన్న మాట ఖమ్మం కోర్టు మెట్ల మీద నా చెవిన పడింది. నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి, "ముత్తయ్య గారి వాయిదా దగ్గరపడ్డది, జల్దీ తయారవ్వమ్మా" అని కసిరిన కంఠం అది. సొంతూరు కారేపల్లిలో ఆమెను మట్టికి అప్పగించి వచ్చిన వారానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.

లాయరును పెట్టుకోలేని ఖైదీలకు కోర్టు నియమించే న్యాయవాదిగానే ఆమె వృత్తిజీవితం గడిచింది. జైలు ములాఖత్ గదిలోకి ఖైదీ రాగానే లేచి నిలబడి, పేరు చివర 'గారు' చేర్చి పలకరించేవారు. అతను కూర్చున్నాకే తాను కూర్చునేవారు. "ఖైదీకి గారు ఏంది మేడమ్?" అని ఓ వార్డరు నవ్వితే, "గారు అంటే గోడలేం కూలవు లేవయ్యా" అన్నారు. కొన్నాళ్ళకు ఆ వార్డరే ఖైదీ కోసం కుర్చీ తుడిచి వేయడం నేను చూశాను.

ముత్తయ్య బూర్గంపాడు దగ్గరి అడవి గూడెం మనిషి, కోయ రైతు. విచారణ ఖైదీగా ఉండగా కాలికి పుండైంది. దవాఖానాకు తీసుకుపోవడంలో ఆలస్యం జరిగి పాదం తీసేశారు. జైలు మీద దావా వేస్తాను, వకీలును ఇప్పించండని అతను కోర్టును వేడుకున్నాడు. నేరం కేసుకైతే సరే, ప్రభుత్వం మీద దావాకు ఉచిత వకీలు ఎందుకని అవతలి న్యాయవాది అడ్డుపడ్డారు. మార్తమ్మ గారు గొంతు పెంచలేదు. "నిర్బంధంలో ఉన్న మనిషికి వకీలును ఇమ్మన్నది చట్టం. ఏ కేసని అది అడగలేదు. మనమెందుకు అడగాలి?" అన్నారు. జడ్జిగారు ఆమెనే నియమించారు. అంత మహత్తరమైన వాదన అంత చిన్న మాటల్లో ఇముడుతుందని నాకు అంతవరకు తెలియదు.

తీరా జైలుకు వెళ్తే ముత్తయ్య మొహం తిప్పుకున్నాడు.

"నా కాలు పోగొట్టినోల్లు సర్కారోల్లు. నిన్ను పంపినోల్లు సర్కారోల్లు. దొంగ చేతికే తాళం ఇయ్యమంటవా? నువ్వు నాకొద్దు."

నాకు ఒళ్ళు మండింది. ఈయన కోసం ఇంత పోరాడితే ఇదా మర్యాద! ఆమె మాత్రం, "అవ్, మీ అనుమానం న్యాయమైనదే. నన్ను వద్దనే హక్కు మీకున్నది. నేనే జడ్జిగారికి చెప్తా" అని నమస్కరించి లేచారు. దారిలో నేను సణుగుతుంటే, "కాలు పోగొట్టుకున్న మనిషికి మనం నచ్చాలని రూలేమన్న ఉన్నదా?" అని నవ్వారు.

అన్నట్టే కోర్టుకు చెప్పారు. ఆ కబురు అతనికి చేరవేయడానికి మళ్ళీ తానే జైలుకు వెళ్ళారు. "మీరు వద్దన్నరని చెప్పిన. ఇంకొకల్లను పెడ్తరు. దావా ఆగదు, రంది పడకండి."

ముత్తయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "వద్దన్న ముచ్చట చెప్పనీకె మల్ల ఇంతదూరం వచ్చినవా?" అన్నాడు. కుర్చీ ఆమె వైపు జరుపుకుని, "ఇంకొకల్లు ఒద్దు. నువ్వే ఉండమ్మా" అన్నాడు.

ఆ వినయం ముందు నేను ఈనాటికీ చేతులు జోడిస్తాను. ధైర్యవంతులైన న్యాయవాదులు ఎందరో ఉన్నారు. తనను తిరస్కరించిన మనిషి తిరస్కారాన్నే కాపాడిన న్యాయవాదిని ఆమెను తప్ప మరొకరిని నేను చూడలేదు, చూస్తానన్న ఆశా లేదు.

దావా ఇంకా తేలలేదు. జడ్జిగారు ఆమె స్థానంలో నన్ను నియమించారు. నిన్న జైలుకు వెళ్ళాను. కర్ర ఊతంతో ముత్తయ్య గారు లోపలికి వచ్చారు. నేను లేచి నిలబడ్డాను. ఆమె పోయిన సంగతి చెప్పాను. ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. నన్ను వద్దనే హక్కు మీకుందని కూడా చెప్పాను.

ఆయన కర్రను ఒళ్ళో పెట్టుకుని అన్నారు.

"ఇయ్యాల్టికి నువ్వొద్దు బిడ్డా. ఆమెను గూడ ముందు గట్లనే అన్న." తలెత్తి నన్ను చూశారు. "మల్లొస్తవా?"

వస్తానని చెప్పి, ఆమె లాగే ఆయనకు నమస్కరించి బయటికి వచ్చాను.