పైన తాడు లేని కొక్కెం

అతని నడుము వెనక కొక్కెం గాలికి ఊగుతుండటం చూసి భయపడి కిటికీ తెరిచాను. ఈ అరబ్బు దేశంలో, ఫింటాస్‌లో మా వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్న భవనానికి రంగులు వేస్తున్నారు. నాలుగో అంతస్తు ఎత్తున, పరంజా మీద అతను. పడిపోకుండా కట్టుకునే బెల్టు పెట్టుకున్నాడు గానీ దాని పట్టీ చివరి కొక్కెం దేనికీ తగిలించలేదు.

"అమ్మా, అంకుల్‌కి తోక!" అని పిల్లలిద్దరూ కిటికీ దగ్గర కేరింతలు కొట్టారు.

తెలుగు వినపడగానే అతను ఇటు తిరిగాడు. "తోకేనమ్మా! రాత్రికి ఇప్పేసి దాచుకుంటాను."

"అన్నా, ముందు అది తగిలించుకోండి," అన్నాను.

"మాది కోనసీమండి. కొబ్బరిచెట్లు ఎక్కినోడికి ఇదో ఎత్తాండి?"

"మరి చెట్టెక్కేటప్పుడు కాళ్లకు బంధం వేసుకోరా?"

"అది లేపోతే ఎక్కలేమండి. ఇది లేపోయినా ఎక్కొచ్చు కదండి!"

నాకు నవ్వొచ్చింది, భయమూ తగ్గలేదు. కింద నుంచి ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరిచాడు. అప్పుడు గమనించాను. పరంజా గొట్టానికి ఒకచోట కొక్కెం తగిలిస్తే చేయి అందినంత మేరే రంగు వేయగలడు. పక్కకు జరగాలంటే దాన్ని తీసి మళ్లీ తగిలించాలి. రోజంతా అదే పని. అందుకే అసలు తగిలించడం మానేశాడు.

ఆ తర్వాత రోజూ కిటికీలోంచి "అన్నా, కొక్కెం" అనేదాన్ని. నేను చూస్తున్నంతసేపూ తగిలించేవాడు, నా మాట కాదనలేక.

నిన్న మధ్యాహ్నం పప్పు తాలింపు వేస్తుంటే బయట ఏదో విరిగిన చప్పుడు, వెంటనే కేకలు. కిటికీ దగ్గరకు వెళ్లేసరికి రంగు డబ్బా ఇంకా దొర్లుతోంది. పరంజా చెక్క ఒకటి పక్కకు ఒరిగిపోయి ఉంది. అతను కింద నేలమీద పడి ఉన్నాడు.

అంబులెన్సు వెళ్లాక ఫోర్‌మన్ అందరికీ ఒకటే చెప్పాడట: "హుక్ పెట్టుకోలేదు. వాడిదే తప్పు." మా ఆయన ఇక్కడే వేరే కంపెనీలో ఇంజినీరు. సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి అతన్ని చూసొచ్చి చెప్పారు. ప్రాణం దక్కింది. వెన్ను విరిగింది.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"'ఇంక చెట్టెక్కలేనాండి?' అన్నాడు."

ఈ ఉదయం చూస్తే పరంజా పొడవునా పైన గోడకు గట్టి తాడు బిగించారు. కొక్కెం దానికి ఒకసారి తగిలిస్తే, తీయకుండానే ఈ చివరి నుంచి ఆ చివరికి నడవచ్చు. ఆ తాడు కట్టడానికి ఒక పూట కూడా పట్టలేదు. నేను రోజూ కిటికీలోంచి కేకేసింది అతనిమీద. తాడు కట్టాల్సినవాళ్లు కింద నిలబడి ఉన్నారు. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే కూడా నాకు అదే తోస్తోంది.

పొద్దున పిల్లలు కిటికీ దగ్గరకు పరిగెత్తారు. "తోక అంకుల్ ఏడమ్మా?"

ఇద్దరినీ దగ్గరకు తీసుకుని చెప్పాను: "కింద పడ్డాడు నాన్నా, దెబ్బ తగిలింది. అది తోక కాదు. పడిపోతే పట్టుకునే చెయ్యి. నిన్నటిదాకా ఆ చేతికి పట్టుకోవడానికి పైన తాడు కట్టలేదు."